వాల్మొరీకి వెళ్ళే నిశ్శబ్దం

ఫ్రాన్సు పల్లెసీమలో ఉన్న వాల్మొరీ అనే చిన్న పట్టణానికి కావలసిన నిశ్శబ్దమంతా ఈదులపర్రు పాలకేంద్రం నుంచి, పాల క్యాన్లతో పాటే, ఉదయం వ్యానులో వెళుతుంది.

వాల్మొరీకి ఒకప్పుడు సొంత నిశ్శబ్దం ఉండేది. చిన్న ఏరు, దాని మీద రాతి వంతెన, నీలిరంగు కిటికీ తలుపులు, ఒక రొట్టెల దుకాణం, ఎప్పుడో ఒకసారి మోగే చర్చి గంట. ఎండాకాలంలో పెద్ద నగరాల వాళ్ళు వచ్చి బెంచీల మీద కూర్చుని ఏటివంక చూసేవారు. వెళ్ళేటప్పుడు తిరుపతి నుంచి లడ్డూ తెచ్చుకున్నట్టు తలా కాస్త నిశ్శబ్దం గుండెల్లో పెట్టుకుని పోయేవారు. ఏళ్ళ తరబడి అలా పట్టుకుపోగా నిల్వ అడుగంటింది. పక్క ఊళ్ళో ఎవరైనా మోటారు సైకిలు తీస్తే వాల్మొరీలో నిద్రపోతున్న పసిపిల్లలు ఉలిక్కిపడే స్థితి వచ్చింది. అక్కడి పురపాలక సంఘం వారు మిగులు నిశ్శబ్దం ఉన్న ప్రాంతాల కోసం వెతికించారు. ఈదులపర్రులో అది ఇంటింటా తయారవుతోందనీ, ఎవరికీ పనికిరాకుండా వంటింటి గోడల్లోకి ఇంకిపోతోందనీ సర్వేలో తేలింది.

పాలకేంద్రం కార్యదర్శి సాంబిరెడ్డికి కొత్తగా ఏర్పాట్లేవీ అవసరం కాలేదు. అవే క్యాన్లు, అదే వ్యాను. మూతల రబ్బరు చుట్టు కాస్త బిగుతుగా ఉంటే చాలు. పద్ధతి కూడా సులువే. ఏదైనా అనబోయేటప్పుడు క్యానును నోటి దగ్గర పెట్టుకుని, ఆ మాట అనకుండా మూత బిగించేయాలి. పాలలో వెన్న చూసే మిషను మీదే దీన్నీ చూస్తారు. చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నది నీళ్ళలా పలచగా ఉంటుంది కాబట్టి తిప్పి పంపేస్తారు. లోపల ఒక మాట ఉండి, అది పెదవి దాకా వచ్చి ఆగితేనే వెన్న పడుతుంది. మొదట్లో మగవాళ్ళు కూడా ఉత్సాహంగా తెచ్చి పోశారు. పరీక్షిస్తే అందులో ఎక్కువభాగం నిద్ర అని వచ్చింది. వాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. ఏడేళ్ళు నిండని పిల్లలకు కూడా మినహాయింపు ఉంది.

ఊరి మొత్తానికి కోటేశ్వరి పోసే నిశ్శబ్దానికే వెన్న ఎక్కువ. ఆమె పదో తరగతి చదువుతోంది. క్లాసులో అడిగిన ప్రతిదానికీ ఆమెకు జవాబు తెలుసు, చెయ్యి మాత్రం ఎత్తదు. పథకం రాకముందు దీన్ని సిగ్గు అనేవారు, టీచర్లు తిట్టేవారు. వచ్చాక ఆమెను ప్రశ్నలు అడగవద్దని బడికి సూచన అందింది. కొత్తగా వచ్చిన సైన్సు టీచరు ఇదెక్కడి చోద్యమని అడిగితే, హెడ్మాస్టరు గారు, "పాలిచ్చే గేదెను అరకకు కడతామా మేడమ్?" అన్నారు. మేడమ్ ఏదో అనబోయి ఆగారు. పక్కనే క్యాను లేకపోవడంతో అది వృథా అయిపోయింది. ఆ తరువాత స్టాఫ్ రూములో కూడా ఒక క్యాను పెట్టారు.

నిశ్శబ్దం పోసే ప్రతి ఇంటికీ వాల్మొరీ వాళ్ళు ఏటా ఒక కేలండరు పంపుతారు. కోటేశ్వరి వాటిలోని బొమ్మలన్నీ కత్తిరించి తన ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంది. వంతెనకు ఏవైపు ఎక్కువ నాచు పట్టిందో, రొట్టెల దుకాణం గుమ్మం దగ్గర ఏ పూలకుండీ పగిలిందో ఆమెకు తెలుసు. పెట్టె తెరిచి బట్టలు తీసుకున్నప్పుడల్లా ఆ వీధుల్లో కాసేపు తిరిగి వచ్చేది. ఆమెకు జీవితంలో కావాలనిపించిన ఊరు అదొక్కటే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల వచ్చిన నిశ్శబ్దం కూడా వాల్మొరీకే వెళ్ళింది.

ఆ ఏడు వాల్మొరీ వాళ్ళు, తెప్పించుకున్న నిశ్శబ్దాన్ని ఎక్కడ వాడుతున్నారో చూపించడానికి ఈదులపర్రు నుంచి ఒకరిని ఆహ్వానించారు. కోటేశ్వరే వెళుతుందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుని, రబ్బరు చెప్పులు ఇటుకపొడితో తోముకుంది. పంచాయతీ ఆఫీసులో ఇంటర్వ్యూ పెట్టారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి, నిశ్శబ్దం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. కోటేశ్వరి చెప్పలేదు. అధికారి ఎంతో మర్యాదగా ఎదురుచూశాడు. ఆ ఎదురుచూసినంతసేపూ సాంబిరెడ్డి క్యాను పట్టుకుని నిలబడ్డాడు.

తరువాత ఆమె మేనత్త కూతురు బిందుప్రియను పిలిచారు. బిందు పోసిన క్యాను ఏదీ పాలకేంద్రం ఇంతవరకు తీసుకోలేదు. మూత పెట్టేలోపే లోపల ఏదో ఒకటి మాట్లాడేది. ఆమె ఇంటర్వ్యూలో ఈదులపర్రు ఆడవాళ్ళ నిశ్శబ్దం గురించి, అందులోని త్యాగం గురించి, ముఖ్యంగా తన వదిన కోటేశ్వరి నిశ్శబ్దం గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. ప్రతినిధి నిశ్శబ్దం పోసేవారై ఉండాలని నిబంధనల్లో లేదు. పోసేవారి తరఫున మాట్లాడగలిగితే చాలు. బిందును ఎంపిక చేశారు.

దీనిమీద అభ్యంతరం చెప్పుకునే వీలు కోటేశ్వరికి ఇచ్చారు. గ్రామసభలో ఆమెను ముందుకు పిలిచి, సాంబిరెడ్డి నెమ్మదిగానే చెప్పాడు.

"నీకు పోవాలనుంటే, 'నేను పోతా బాబాయ్' అను చాలు. నోటితో అనాల. తల ఊపితే చెల్లదంట, రూల్సు అట్టా ఉన్నయ్."

కోటేశ్వరి నోరు తెరిచింది. సభలో గేదెలు సైతం నెమరు ఆపాయని తరువాత కొందరు అన్నారు గానీ, అది అతిశయోక్తి. మాట పంటి దాకా వచ్చింది. వాళ్ళ అమ్మ ఆడవాళ్ళ వరసలో కూర్చుని, తనే మాట్లాడాల్సి వచ్చినట్టు కొంగు గట్టిగా పట్టుకుంది. కోటేశ్వరి నోరు మూసుకుంది. అభ్యంతరం లేనట్టుగా సభ నమోదు చేసుకుంది.

మరుసటి రోజు ఆమె పోసిన నిశ్శబ్దం మిషనులో పెడితే ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. సాంబిరెడ్డి మిషనును తట్టి చూశాడు, మళ్ళీ పోయించి చూశాడు. తేడా లేదు. కారణం ఊళ్ళో పాడి తెలిసిన వాళ్ళందరికీ వెంటనే అర్థమైంది. గేదెకు పత్తిచెక్క ఎలాగో నిశ్శబ్దానికి కుళ్ళు అలాగ. అంతవరకు ఎవరూ ప్రయత్నించలేదు, అంతే. పాలకేంద్రం తీర్మానం చేసి, బయలుదేరే రోజు వరకు రోజూ సాయంత్రం కోటేశ్వరి ఇంటికి వెళ్ళి రావలసిందిగా బిందును కోరింది.

బిందు బాధ్యతగా వెళ్ళేది. కొత్త స్వెట్టరు వేసుకుని చూపించేది. పాస్‌పోర్టు ఫొటోలో చెవులు కనబడాలన్నారని, విమానంలో కిటికీ పక్క సీటు ఇస్తారని, వాల్మొరీలో తనను వంతెన మీద నిలబెట్టి ఫొటో తీస్తారని చెప్పేది. కోటేశ్వరి చెల్లెలు మైథిలికి ఇంకా ఏడేళ్ళు నిండలేదు కాబట్టి మధ్యలో వెయ్యి ప్రశ్నలు వేసేది. విమానానికి హారను ఉంటుందా, మేఘం అడ్డం వస్తే ఏం చేస్తారు, ఫ్రాన్సులో కుక్కలు ఏ భాషలో మొరుగుతాయి. కోటేశ్వరి మాత్రం వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది. ఏ వంతెన, ఏ వైపు నాచు అని అడగాలని ఉండేది. బిందుకు నాచు సంగతి తెలియదు. అది తెలియని మనిషి ఆ వంతెన ఎక్కుతుందనుకుంటే చేతిలోని కాయ గింజతో సహా నలిగిపోయేది.

"నీ గురించి అక్కడ నేను మంచిగా చెప్తాలే వదినా," అంది బిందు ఒకరోజు, లేస్తూ. "నీకు చెప్పుకోవటం రాదుగా."

ఆ పూట క్యాను నిండి పొర్లింది.

వాల్మొరీ నుంచి ఫిర్యాదు వచ్చింది. సరుకు చిక్కబడిందని, ఊరు భరించలేకపోతోందని దాని సారాంశం. రొట్టెల దుకాణందారు ఎదురింటి వాళ్ళ కిటికీ తలుపుల రంగు చూస్తూ రొట్టెలు మాడ్చేస్తున్నాడు. పోస్టుమాను భార్య తన అక్కకు కొత్త కోటు వచ్చినప్పటి నుంచి అన్నం తినడం లేదు. బెంచీల మీద కూర్చునేవాళ్ళు ఏటివంక కాకుండా పక్క బెంచీవంక చూస్తున్నారు. వెన్న శాతాన్ని ఒప్పందంలో రాసుకున్న స్థాయికి దించకపోతే సరఫరా రద్దవుతుంది.

పాలకేంద్రం అత్యవసరంగా సమావేశమైంది. దేన్ని చూసి కుళ్ళుకుంటున్నారో దాన్ని ఒకసారి దగ్గర నుంచి చూపిస్తే కుళ్ళు తగ్గుతుందని పెద్దలు తేల్చారు. కాబట్టి కోటేశ్వరిని కూడా పంపాలి. ప్రతినిధి పాస్‌పోర్టు ఒక్కటే మంజూరైంది గనుక ఆమెను సరుకు నమూనా కింద పంపారు. దానికి పశువైద్యుడి ధ్రువపత్రం చాలు. ఆయన ఆమె నాలుక చూసి, కళ్ళు చూసి, గాలికుంటు జబ్బు లేదని రాసిచ్చాడు. విమానాశ్రయంలో బిందును అందరూ ఆపి ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని అడిగారు. కోటేశ్వరిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకు ఆ ఏర్పాటు నిజానికి సౌకర్యంగానే తోచింది.

వాల్మొరీ సరిగ్గా పెట్టె మూత మీద ఉన్నట్టే ఉంది. నాచు ఉత్తరం వైపే ఎక్కువ. పూలకుండీ పగులు అలాగే ఉంది. ఆకుపచ్చ కోట్లు వేసుకున్న పనివాళ్ళు పొద్దున్నే క్యాన్లు తోపుడుబండి మీద పెట్టుకుని, మొక్కలకు నీళ్ళు పోసినట్టు మూలమూలకూ నిశ్శబ్దం పోసుకుంటూ వెళుతున్నారు. మేయరమ్మ గారు ఎదురొచ్చి, మా ఊరు ఎలా ఉందని కోటేశ్వరిని దుబాసీ ద్వారా అడిగారు. ఆమె తరఫున బిందు చాలాసేపు చెప్పింది. వంతెన మీద ఫొటో తీశారు. బిందు నాచు లేని వైపు నిలబడింది.

కోటేశ్వరి ఒక్కతే వీధుల్లోకి వెళ్ళింది. తన ఇంటి గేదె పాలను వాసనతో పోల్చుకున్నట్టు, ఎవరి నిశ్శబ్దం ఏదో ఆమెకు తెలిసిపోతోంది. పోస్టాఫీసు ముందు ఉన్నది సైన్సు మేడమ్‌ది. ఏటి మెట్ల దగ్గరిది తనదే, తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు తప్పు వేసిన రోజుది. చింతపండులో గింజలాగ నిశ్శబ్దంలో ఆ ఆగిన మాట అలాగే ఉంది. సార్, అక్కడ మైనస్ వస్తుంది. ఒక ముసలాయన ఆ మాట మీద కూర్చుని చేపలు పడుతున్నాడు.

చర్చి వెనక సందులో ఒకే ఒక బెంచీ ఉంది. ఊరికంతటికీ అది మంచి చోటనీ, ముందుగా చెప్పుకోకపోతే దొరకదనీ, బిందుతో కలిసి వెనకే వచ్చిన దుబాసీ అన్నాడు. ఒక ముసలి జంట అక్కడ కళ్ళు మూసుకుని, చేయీ చేయీ పట్టుకుని కూర్చుంది. కోటేశ్వరి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది అమ్మది. కిందటి ఎండాకాలం నాన్న భోంచేస్తూ, పది అయ్యాక పిల్ల ఇంట్లోనే ఉంటుందిలే, కాలేజీ ఎందుకు అన్న రోజుది. అమ్మ పొయ్యి దగ్గర క్యాను తీసుకుని మూత పెట్టింది. అమ్మకు చెప్పడానికేమీ లేదని కోటేశ్వరి అప్పుడు అనుకుంది. ఆ రోజంతా అమ్మ ముఖం చూడలేదు.

ఇప్పుడు మాట స్పష్టంగా వినబడింది. పిల్ల చదువుతానంటే చదివిద్దామండీ, కావాలంటే ఇంకో గేదెను నేను చూసుకుంటా.

ముసలామె కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వి, భర్త భుజం మీద తల పెట్టుకుంది. ఆమెను చూసి కలిగిన కుళ్ళు ముందు బిందు మీది కుళ్ళు ఏ మూలకూ రాదని కోటేశ్వరికి అనిపించింది. అమ్మ అనని మాటలో, కూతురైన తనకంటే ముందుగా, వీళ్ళు ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో.

అప్పుడే ఊరి నడుమ చౌకులో నుంచి ఒక గొంతు వినబడింది. ఆరేళ్ళ పిల్ల, గులాబిరంగు బూట్లు వేసుకుని, ఫౌంటెను గట్టు ఎక్కి ఒక కుక్కకు ఏదో పెద్ద కథ చెబుతోంది. గొంతు చించుకుని చెబుతోంది. మధ్యలో పాడుతోంది, కుక్కను తిడుతోంది, మళ్ళీ మొదటి నుంచి చెబుతోంది. ఎవరూ ఉష్ అనలేదు. రొట్టెల దుకాణందారు చేతులు పిండిలోనే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు. ఇంత ప్రశాంతమైన ఊళ్ళో ఈ పిల్లను ఎవరూ ఏమీ అనరేమని బిందు అడిగింది. దుబాసీకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఊరికి సరిపడా నిశ్శబ్దం బయటి నుంచి వస్తోంది కదా, ఇక్కడి పిల్లలకు ఆ అవసరం ఏముందన్నాడు.

కోటేశ్వరి సందు మొదట్లో నిలబడి ఆ పిల్లను చూసింది. అమ్మ మాటను ఇక్కడే, ఇప్పుడే, గట్టిగా అనేస్తే అనుకుంది. తెలుగులో అన్నా చాలు. ఎవరికీ అర్థం కాకపోయినా అది బయటికి వచ్చినట్టవుతుంది. పోసేవాళ్ళు ఆ ఊరి పొలిమేరల్లో ఒక్క మాట మాట్లాడినా ఆ వీధిలో నిల్వ అంతా విరిగిపోతుందని ఒప్పందంలో ఉంది. ఆమె ముఖం చూసి బిందు భయపడింది. బిందుకు మొట్టమొదటిసారి మాటలు తక్కువయ్యాయి.

"వద్దు వదినా. మనూరోళ్ళందరి వ్యానూ ఆగిపోద్ది."

సాంబిరెడ్డి దారి ఖర్చులతో పాటు ప్రయాణాలకు పనికొచ్చే చిన్న క్యాను ఒకటి ఇచ్చి పంపాడు. కోటేశ్వరి సంచిలో నుంచి దాన్ని తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది. మూత బిగించింది. ఆకుపచ్చ కోటు మనిషి వచ్చి, ఎంతో మర్యాదగా వంగి అందుకుని, ఆ బెంచీ దగ్గరే పోశాడు. ముసలి జంట ఒకేసారి నిట్టూర్చింది.

తిరిగొచ్చాక కూడా వెన్న తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయినా ఒప్పందం రద్దు కాలేదు. మగవాళ్ళ నుంచి తిప్పి పంపిన పలచటి సరుకు ఊళ్ళో కావలసినంత ఉండటంతో, దాన్ని కలిపి పంపితే వాల్మొరీకి సరిగ్గా సరిపోయింది. మగవాళ్ళకు ఆ సందర్భంలో పంచాయతీ ఆఫీసు దగ్గర శాలువాలు కప్పారు. బిందును జిల్లా అంతటా సభలకు పిలుస్తున్నారు. నిశ్శబ్దం గురించి ఆమె అద్భుతంగా మాట్లాడుతుందని పేరు.

కోటేశ్వరి ఇల్లు చేరిన సాయంత్రం వాళ్ళ అమ్మ గేదెకు కుడితి పెట్టి వచ్చి, చేతులు తుడుచుకుంటూ దగ్గర కూర్చుంది.

"ఎట్టా ఉందే ఆ ఊరు?"

కోటేశ్వరి అమ్మ ముఖం చూసింది. చాలా రోజుల తరువాత అంత దగ్గర నుంచి చూసింది. నీ మాట విన్నానమ్మా, చర్చి వెనక సందులో ఉంది అని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. అమ్మ కూడా ఎదురుచూసింది. ఎదురుచూస్తూనే, అలవాటుగా, పక్కనున్న క్యానును కూతురి వైపు జరిపింది. కోటేశ్వరి అందుకుంది.

మైథిలి మాత్రం ఊరుకోలేదు. అక్క చుట్టూ తిరుగుతూ, మంచమెక్కి దూకుతూ, అక్కడ వాన తెలుగువానలాగే ఉంటుందా, వంతెన కింద ఎవరుంటారు, కుక్కలు నిజంగా ఏ భాషలో మొరిగాయి అని అడుగుతోంది. గొంతు అచ్చం ఆ ఫౌంటెను గట్టు మీద పిల్ల గొంతే. బూట్లు మాత్రం లేవు. మైథిలికి ఏడేళ్ళు నిండటానికి ఇంకా వ్యవధి ఉంది.

"అక్కా, అక్కడ నువ్వేం మాట్లాడావు?" అని మైథిలి అక్క గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "చెప్పక్కా. నేనైతే..."

కోటేశ్వరి చెల్లెలి ముఖం వంక, తెరుచుకునే ఉన్న ఆ నోటి వంక కాసేపు చూసింది. తరువాత సంచిలో నుంచి ప్రయాణాల చిన్న క్యాను తీసింది. అది పిల్లల నోటికి సరిగ్గా సరిపోతుంది. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నిమిరి, నొప్పి కలగకుండా క్యానును ఆమె పెదవుల దగ్గర పెట్టింది. మైథిలి అనబోయిన మాట ఆగింది.

మూత బిగుస్తుంటే అమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఏదో అనబోయి, తన క్యాను కోసం చుట్టూ చూసింది.